మట్టి మీద మెయిన్స్

చిక్కడపల్లిలో మా వీధి మలుపు దగ్గర ఒక రిటైర్డ్ సారు ఉండేవారు. నేను పొద్దున్నే భుజాన పెద్ద సంచీ వేసుకుని వెళ్తుంటే, పాల ప్యాకెట్లు చేతిలో పట్టుకుని ఆగి మరీ అడిగేవారు.

"కోర్టుకా బిడ్డా?"

"అవునంకుల్."

"కేసు ఏడిదాక వచ్చింది?"

మొదట్లో హాస్యం అనుకున్నాను. తరువాత ఆయన ముఖం పరీక్షగా చూస్తే సానుభూతి తప్ప మరేమీ కనబడలేదు. సూర్యుడి కన్నా ముందే తెరిచే కోర్టేమిటన్న అనుమానం ఆయనకు రాలేదు. నంబరు దొరకాలంటే తొందరగా పోవాలి కాబోలు అనుకున్నారట. ఆయన లెక్కలో నా సంచీలో ఉన్నవి రాకెట్లు కాదు, ఆస్తి తగాదా కాగితాలు. ఇంత చిన్న పిల్ల నెత్తిన అంత పెద్ద కేసా అని వాళ్ళింట్లో బాధపడేవారట కూడా. చివరికి మా అమ్మే వెళ్ళి, అది ఆడే కోర్టు అని చెప్పి వచ్చింది. అప్పటి నుంచి ఆయన ప్రశ్న మార్చారు. "గెలుస్తున్నవా?" అనేవారు. కేసే నయం. వాయిదా పడిందంకుల్ అని తప్పించుకోగలిగేదాన్ని.

నేను టెన్నిస్ ఆడి బతికినదాన్ని. అందులోనూ మట్టి కోర్టు మీద. 'బతికిన' అన్న మాటను కాస్త దయతో చదువుకోండి. ఒకసారి పేపర్లో ఏ మూలనో నా మ్యాచ్ గురించి రెండు ముక్కలు పడితే, ఆ సారే నన్ను ఆపి గొంతు తగ్గించి హెచ్చరించారు.

"నీ సర్వీస్ బ్రేక్ అయిందని రాసిన్రు బిడ్డా. జర చూసుకో. సర్వీస్ బ్రేక్ పడితే రేపు పెన్షన్‌కు శాన పరేషాన్ అయితది."

టెన్నిస్‌లో మనం బంతి వేసి మొదలుపెట్టే గేమును ఎదుటివాళ్ళు గెలుచుకుంటే సర్వీస్ బ్రేక్ అంటారు. నా సర్వీసు ఎన్నిసార్లు బ్రేక్ అయిందో లెక్క తీస్తే నాదే కాదు, పుట్టబోయే నా మనవల పెన్షన్ కూడా ఆగిపోయేది. మా చుట్టుపక్కల మాటలన్నింటికీ ముందే ఓనర్లున్నారు. కోర్టు న్యాయానిది. సర్వీసు సర్కారుది. ర్యాంకు పోటీ పరీక్షల అశోక్ నగర్‌ది. నేను ఆ మాటల్లో కిరాయికి ఉండేదాన్ని. ఆ కిరాయి ఇల్లు ఖాళీ చేసిన వైనమే ఇది.

నారాయణగూడ వైపు ఒక పాత క్లబ్బులో నా చిన్నప్పుడు అన్నీ మట్టి కోర్టులే. ఎర్రమట్టి పరిచి, నీళ్ళు చల్లి, రోలరు లాగి, సున్నంతో గీతలు వేసేవారు. నాన్న అశోక్ నగర్‌లో తన జిరాక్స్ షాపు తెరవడానికి వెళ్తూ నన్ను స్కూటర్ మీద అక్కడ దింపేవాడు. బడి వేళకల్లా నా అల్లరి కాస్త అరుగుతుందని ఆయన ఆశ. అల్లరి అరగలేదు, బూట్లు అరిగాయి.

సిమెంటు కోర్టు మీద బంతి దొంగలా దూసుకుపోతుంది. మట్టి మీద అలా కాదు. పడ్డచోట కాసేపు ఆలోచించి, ఆ తరువాత లేస్తుంది. మనం ఎంత బలంగా కొట్టినా అవతలి మనిషికి పరిగెత్తుకొచ్చి అందుకునే వ్యవధి ఉంటుంది. కాబట్టి మట్టి మీద బలం కన్నా ఓపికకే పని ఎక్కువ. మా కోచ్ సారు నాకు నేర్పిన విద్య అంతా ఒక్క మాటలో ఉంది. "నువ్వు గెల్వకు. వాపస్ ఇయ్యి. ఎదుటామెకు కోపం వచ్చేదాక ఇస్తనే ఉండు." నేను ఇస్తూనే ఉన్నాను. నా ఆటలో ప్రతిభ అంటూ ఏదైనా ఉంటే అది ఎదుటివాళ్ళను విసిగించడమే. దానికి కోచ్ అక్కర్లేదు, అది నాకు పుట్టుకతోనే వచ్చిందని అమ్మ అంటుంది.

చదువు అరకొరగా ముగించి, పదేళ్ళకు పైగా ఆ విద్యతో దేశాలు తిరిగాను. దేశాలు అనగానే స్టేడియాలు ఊహించుకోవద్దు. మా స్థాయి టోర్నీలు ఎక్కువగా టర్కీ, స్పెయిన్ లాంటి చోట్ల సముద్రం పక్క హోటళ్ళ వెనక జరుగుతాయి. ముందు ఈత కొలను, తరువాత వంటగది చెత్తడబ్బాలు, ఆ తరువాత మేము. ప్రేక్షకులంటే తువ్వాలు భుజాన వేసుకుని, బాత్రూము వెతుక్కుంటూ దారి తప్పిన ఒక పెద్దమనిషి. ఆయన కాసేపు నిలబడి చప్పట్లు కొట్టేవాడు, తరచుగా ఎదుటామెకు.

అక్కడొక ఆచారం ఉంది. మట్టి కోర్టు మీద ఎవరు ఆడితే వాళ్ళే ఊడ్చి వెళ్ళాలి. ఆట అయ్యాక, మనిషి పొడవున్న వల లాంటి పట్టా ఒకటి వెనకాల ఈడ్చుకుంటూ గుండ్రంగా తిరిగితే మన కాలి గుర్తులన్నీ చెరిగిపోతాయి. తరువాత చిన్న బ్రష్షుతో గీతలు తుడవాలి. ఫోన్లో ఈ సంగతి విని అమ్మ ముందు నన్ను మళ్ళీ చెప్పమంది. ఆ తరువాత అంది: "ఇంట్ల చీపురు పట్టమంటే నడుము నొస్తదంటవ్. దేశదేశాలు పోయి ఊడ్చి వస్తున్నవా?"

రోజూ ఊడ్చాను. గెలిచిన రోజూ, ఓడిన రోజూ. ఓడిన రోజులే ఎక్కువ కాబట్టి, మట్టి కరవడమంటే ఏమిటో ఆ నుడికారం వాడేవాళ్ళ కన్నా నాకే బాగా తెలుసు. గాలి వీచిన రోజు అది పళ్ళ మధ్య కరకరలాడుతుంది.

ర్యాంకు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పెద్ద ఆటగాళ్ళు నేరుగా అసలు పోటీలో ఆడతారు. దాన్ని మెయిన్ డ్రా అంటారు. నాలాంటి వాళ్ళు ముందు క్వాలిఫయింగ్ అనే చిన్న పోటీ నెగ్గి అందులోకి రావాలి. అక్కడ గెలిస్తే పాయింట్లు, పాయింట్లుంటే ర్యాంకు. అయితే ఆ పాయింట్లకు ఏడాదే ఆయుష్షు. పోయిన ఏడు ఈ వారం సంపాదించింది ఈ ఏడు ఇదే వారం రాలిపోతుంది. మళ్ళీ గెలవకపోతే ఖాళీయే. ఒక వేసవిలో నేను క్వాలిఫై అయ్యాను, మెయిన్ డ్రాలో మొదటి రౌండు కూడా గెలిచాను. రెండో రౌండులో ఏం జరిగిందో అడక్కండి, అది భోజన విరామం కన్నా తొందరగా అయిపోయింది. కానీ ప్రపంచ జాబితాలో నా పేరు ఎక్కింది, నాలుగంకెల ర్యాంకుతో. ఆ తరువాత కొన్నేళ్ళు ఆ జాబితా కింది అంచు పట్టుకుని వేలాడాను.

అప్పుడు ఒక తెలుగు పేపరు సిటీ పేజీలో వార్త వేసింది. నా ఆట ఫొటో దొరక్క, నాన్న దగ్గరున్న పాస్‌పోర్టు ఫొటో తీసుకున్నారు. శీర్షిక: "అర్హత సాధించిన నగర యువతి". నాన్న ఆ ఫొటోనూ శీర్షికనూ తన మిషన్ మీద పెద్దవి చేసి, లామినేట్ చేసి, షాపు గోడకు తగిలించాడు. కింద ఉన్న అసలు వార్తను వదిలేశాడు. అడిగితే, "అక్షరాలు మరీ చిన్నగున్నయి, ఎవరు చదువుతరు తీ" అన్నాడు.

ఇక్కడ అశోక్ నగర్ గురించి తెలియనివాళ్ళకు ఒక మాట. జిల్లాల నుంచి వచ్చి, హాస్టళ్ళలో మంచానికి మంచం ఆనించి పడుకుని, సర్కారు కొలువు కోసం ఏళ్ళ తరబడి చదివే పిల్లలతో ఆ గల్లీలు కిటకిటలాడతాయి. వాళ్ళకు ముందు ప్రిలిమ్స్ అనే పరీక్ష. అందులో క్వాలిఫై అయితే మెయిన్స్. మెయిన్స్ దాటితే ర్యాంకు. ర్యాంకును బట్టి సర్వీసు. అటువంటి చోట ఒక జిరాక్స్ షాపు గోడ మీద, పాస్‌పోర్టు ఫొటోలో ముఖం ముడుచుకున్న ఒక అమ్మాయి "అర్హత సాధించి" వేలాడుతుంటే వాళ్ళేం అనుకుంటారు?

నాన్న ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. అదే ఆయన గొప్పతనం. నేను వెనక కూర్చుని స్వయంగా విన్నాను.

"అంకుల్, గా అక్క ఎవరు?"

"మా బిడ్డనే."

"క్వాలిఫై అయిందా?"

"అయింది. మెయిన్స్‌ల గూడ ఒకటి కొట్టింది."

"అబ్బ! ర్యాంకెంత అంకుల్?"

"ర్యాంకుదేమున్నది, వస్తది పోతది."

"మరి సర్వీసు?"

"సర్వీసే జర వీక్ దానిది. తక్కినదంతా మంచిగనే ఉంటది."

ఇందులో ఒక్క ముక్క కొట్టివేయడానికి లేదు. నా కోచ్ ఇంతకన్నా నిజాయితీగా నన్ను అంచనా కట్టలేదు.

టర్కీలో నా ఆఖరి మ్యాచ్ క్వాలిఫయింగ్ మొదటి రౌండులో ఒక స్కూలు పిల్లతో. వాళ్ళమ్మ కంచె అవతల కూర్చుని డబ్బాలోంచి యాపిల్ ముక్కలు తీసి పెడుతోంది. నేను నాకొచ్చిన విద్యతో ఆ పిల్లను విసిగించాలని చూశాను. ఆ పిల్లకు విసుగు రాలేదు, యాపిల్ తిని వచ్చి మళ్ళీ కొట్టింది. ఆట అయ్యాక అలవాటుగా పట్టా అందుకోబోతే, ఆ పిల్ల పరుగున వచ్చి నా చేతిలోంచి తీసుకుంది. మీరు కూర్చోండి, నేను ఊడుస్తాను అని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. పెద్దవాళ్ళకిచ్చే మర్యాద అది. ఓడించినందుకు కాదు, ఊడ్చినందుకు తల ఎత్తలేకపోయాను. కొన్ని నెలలకు మిగిలిన పాయింట్లూ రాలిపోయాయి. జాబితాలో వెతికాను. ఆఖరున లేను. అసలే లేను.

ఇంటికి వచ్చేశాను. వచ్చేశానని మాత్రం చెప్పలేదు. వచ్చానని చెప్పాను. ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడాలోనే ఏడాదిగా కాపురం ఉంటున్నాను. పొద్దున్నే అదే సంచీతో నారాయణగూడ వెళ్తాను. క్లబ్బులో ఇప్పుడు రెండే మట్టి కోర్టులు మిగిలాయి. అక్కడ డబ్బున్నవాళ్ళ పిల్లలకు బంతులు విసురుతాను, విసిరినవి ఏరుతాను. నాన్న మాత్రం నేను వచ్చే సీజన్‌కు ప్రాక్టీస్ చేస్తున్నానని అనుకుంటున్నాడు. మధ్యాహ్నాలు షాపులో కూర్చుని స్పైరల్ బైండింగ్ చేస్తాను. అంటే, అశోక్ నగర్ పిల్లలకు నాన్న చెప్పని సంగతీ, నాన్నకు నేను చెప్పని సంగతీ ఒకే సంచీలో ఉన్నాయి.

గోడ మీది అమ్మాయే కౌంటర్ వెనక కనబడేసరికి పిల్లలు సలహాలడగడం మొదలుపెట్టారు. నేను కొలువుకు లీవు పెట్టి వచ్చాననుకున్నారు. "పేపర్ ఖరాబైతే ఏం జేస్తరు మేడం?" అని అడిగితే, "ఆ రోజు దాన్ని ముట్టొద్దు. తెల్లారి కూర్చుని ఎక్కడ పోయిందో చూడాలె" అన్నాను. మ్యాచ్ పోయినప్పుడు నేను చేసేది అదే. వాళ్ళు నోట్సు రాసుకున్నారు. ఇంకో ఇద్దరు వచ్చారు. పదేళ్ళ ఆటలో రాని ప్రేక్షకులు నాకు జిరాక్స్ షాపులో వచ్చారు. నిజం చెప్పాలంటే నచ్చింది. చాలా నచ్చింది.

వాళ్ళలో ఒక అమ్మాయిది కరీంనగర్ దిక్కు పల్లె. మా షాపు వెనక గల్లీలోని హాస్టల్లో ఉంటుంది. ఇతరుల నోట్సు తెచ్చి కాపీలు తీయించుకుంటూ, మిషన్ తిరిగే ఆ కాసేపట్లో నన్ను చదివేది. ఒకసారి అడిగింది.

"అక్కా, మెయిన్స్ దాటినంక మీకు ఏడ దెబ్బ తాకింది?"

"రెండో రౌండులో."

"ఇంటర్వ్యూల్నా?"

నేను కాగితాలు సర్దుతూ తల ఊపాను. అవునని ఊపానో కాదని ఊపానో నాకే తెలియనట్టు ఊపాను.

ఒక శుక్రవారం ఆ అమ్మాయి కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చింది. వాళ్ళ బాపు ఆదివారం వస్తున్నాడట, తీసుకుపోవడానికి. ఆమె ఒకసారి ప్రిలిమ్స్‌లో పోయింది, ఒకసారి మెయిన్స్‌లో పోయింది. ఊళ్ళో ప్రైవేటు స్కూల్లో టీచర్ కొలువు ఖాళీ ఉంది, సోమవారం చేరాలని ఆయన మాటిచ్చి వచ్చాడు. ఇంకొక్క పరీక్ష రాసేదాకా ఉండనిస్తే చాలని ఈ అమ్మాయి.

"మీరొక్క మాట చెప్తే ఇంటడక్కా. మీ గురించి చెప్పిన. శాన సార్లు పోయినా పట్టువదలకుండ ఆఖరికి కొట్టిందని చెప్పిన. తీసుకొస్త, ఒక్క ఐదు నిమిషాలు మాట్లాడుర్రి, జర."

ఆ అమ్మాయి వెళ్ళాక టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని నాన్నతో అన్నాను.

"చెప్పేద్దాం నాన్నా."

"ఏం చెప్తవ్? నువ్వు క్వాలిఫై కాలేదా?"

"అయిన."

"మెయిన్స్ ఆడలేదా?"

"ఆడిన."

"మరి అబద్ధమేడున్నది?"

"వాళ్ళది పరీక్ష నాన్నా."

"నీదేమన్న పండుగనా? నీది గూడ పరీక్షనే." పప్పు కలుపుకుంటూ ఆగాడు. "గా పొల్ల కోసం ఒక్క మాట చెప్తే నోరు అరిగిపోతదా? ఏం చెప్పకు. చదువనియ్యిర్రి అను, అయిపాయె."

అది సబబుగానే తోచింది. చదవనివ్వండి అనడానికి ఎవరికైనా హక్కుంటుంది కదా అనుకున్నాను.

ఆదివారం వాళ్ళు వచ్చారు. ఆయన బక్కగా, పొడుగ్గా ఉన్నాడు. చంకలో రెండు ఖాళీ యూరియా సంచులు మడతపెట్టి ఉన్నాయి, కూతురి పుస్తకాలు కట్టుకుపోవడానికి. షాపు గడప బయటే చెప్పులు విడిచాడు. ఆ గడప దగ్గర నాకు తెలిసి ఎవరూ చెప్పులు విడవలేదు. స్టూలు చూపించినా కూర్చోలేదు.

"నమస్తే మేడం. మీ గురించి మా పొల్ల రోజు చెప్తది. మీకు వీలైతదో లేదో అనుకున్న," అని, చేతిసంచీలోంచి సకినాల పొట్లం తీసి రెండు చేతులతో కౌంటర్ మీద పెట్టాడు. "ఇప్పుడు ఏడ డ్యూటీ మేడం?"

నాన్న వైపు చూశాను. ఆయన అవసరం లేకపోయినా మిషన్‌లోంచి కాగితాల ట్రే లాగి సర్దుతున్నాడు. చదవనివ్వండి అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ మనిషి చెప్పుల్లేకుండా నిలబడ్డాడు. ఆ ఉత్త కాళ్ళ వైపు చూడకుండా ఆ మాట అనాలనుకున్నాను, చేతకాలేదు.

"డ్యూటీ లేదంకుల్. నేను పరీక్ష రాసినదాన్ని కాదు."

"మరి?"

"టెన్నిస్ ఆడేదాన్ని."

ఆయన కూతురి వైపు చూశాడు. ఆమె నా వైపు చూసింది.

"టెన్నిసంటే... బ్యాట్‌తోనా?"

"ఆఁ. బ్యాట్‌తోనే."

"ర్యాంకు వచ్చిందన్నది గద మా పొల్ల?"

"ఆటలో వచ్చిన ర్యాంకు. అది ఏడాదే ఉంటది. మళ్ళీ గెలవకుంటే పోతది. నాది పోయింది."

"సర్కారు నౌకరీ ఇయ్యలేదా?"

"లేదు."

"ఎన్నేండ్లు ఆడినవ్ బిడ్డా?"

మేడం బిడ్డ అయిపోయింది. 'మీరు' నువ్వయింది. ఆయన మొరటుతనంతో అనలేదు. ఆఫీసరుకని దాచిన మర్యాదను జాగ్రత్తగా వెనక్కి తీసుకుని, ఆ స్థానంలో జాలి పెట్టాడు, అంతే.

"దేశాలు తిరుగుతూ పదేళ్ళకు పైనే," అన్నాను.

ఆయన గడప దాకా వెళ్ళి చెప్పులు వేసుకుని వచ్చాడు. కూతురితో నెమ్మదిగా అన్నాడు.

"చూసినవా? గిట్లైతదనే నేను మొత్తుకునేది. పదేండ్లు దేశాలు తిరిగి, ఆఖరికి ఆళ్ళ నాయిన దుకాన్ల కూసున్నది. నిన్ను కూసోపెడ్దామంటే నాకు దుకాన్ గూడ లేదు బిడ్డా."

ట్రే చప్పుడు ఆగిపోయింది. నాన్న వీపు నా వైపే ఉంది. ఆ వీపును అంతకుముందు నేనెన్నడూ అంత వివరంగా చూడలేదు. చొక్కా మెడ దగ్గర కుట్టు ఊడింది. జీవితంలో చాలామంది ముందు ఓడిపోయాను, కానీ నాన్న ముందు ఎన్నడూ ఓడలేదు. ఆయన ఎప్పుడూ ఫోన్ అవతలే ఉండేవాడు.

ఆ అమ్మాయికి ముందు నా మీదే కోపం వచ్చింది.

"మా బాపు గంత దూరం నుంచి వచ్చినంక చెప్తరా మీరు? మొన్న నేను ఏడ్సుకుంట అడిగితే చెప్పొద్దా?"

"చెప్పాల్సింది," అన్నాను.

"ఇంటర్వ్యూనా అంటే తలకాయ ఊపిన్రు!"

 ఏ బంతి వచ్చినా వాపసు ఇవ్వడమే నా విద్య. ఆ రోజు అదీ రాలేదు.

ఆమె వాళ్ళ బాపు వైపు తిరిగింది. అప్పటిదాకా కన్నీళ్ళున్న గొంతులో ఇప్పుడు అవి లేవు.

"నేనెందుకైత ఈమె లెక్క? ఈమె ర్యాంకు ఏడాదికోసారి కరిగిపోతదట. నాకొక్కసారి వస్తే నువ్వు పొమ్మన్నా పోదు. పదేండ్లాయె ఈమె ఓడవట్టి, ఆళ్ళ నాయిన ఒక్క దినమన్న వాపస్ రమ్మన్నడా అడుగు. నువ్వు రెండేండ్లకే సంచులు పట్టుకొచ్చినవ్!"

నన్ను బజారులో వస్తువులా చేసి తండ్రి ఇటు తిప్పి చూపించాడు, కూతురు అటు తిప్పి చూపించింది. రెండు వైపులా లోపమే కనబడింది. కానీ రెండోసారి తిప్పినప్పుడు ఆ లోపం ఆమెకు పనికొచ్చింది. ఆయన సంచులు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని, నాన్న వీపును అడిగాడు.

"నిజమేనా సేటూ? రమ్మన్లేదా?"

నాన్న ఇటు తిరిగాడు. ఇప్పుడు ఏ రెండర్థాల మాట వాడతాడో అని నేను కళ్ళు దించుకున్నాను.

"అనుకున్న," అన్నాడు. "శాన సార్లు అనుకున్న, ఇగ సాలు వచ్చెయ్యి అందామని. ఓడిపోయిన్నని ఫోన్ చేసేది. ఆ గొంతు ఇన్నంక, రమ్మనబుద్ధి కాకపోయేది. పొద్దుగాల మల్ల అనుకునేటోన్ని."

ఆయన నోట ఒకే అర్థమున్న మాట ఆ షాపులో నేను వినడం అదే మొదలు.

బయట టిఫిన్ బండి దగ్గర ఎవరో చట్నీ కోసం అరుస్తున్నారు. ఆ అమ్మాయి బాపు సంచుల మడత విప్పి చూసి, మళ్ళీ మడిచాడు. తరువాత సంచులు కూతురి చేతికిచ్చాడు.

"ఇవి నీ దగ్గర్నే ఉంచుకో. స్కూల్ సారుకు నేను చెప్పుకుంట. గీ ఒక్కసారే. ఈసారి పోతే తోల్కపోనీకి నేను రాను, నువ్వే సర్దుకొని బస్సెక్కాలె. ఇన్నవా?"

"ఇన్న."

"ఏడ్వకు మల్ల. నడువ్, బస్సుంది నాకు."

గడప దిగబోయి ఆగాడు. నన్ను పలకరించకుండా పోవడం బాగుండదని అనిపించినట్టుంది. మర్యాదకే అడిగాడు, అందులో వెటకారం లేదు.

"నువ్వు గిట్ల ఇంక రాస్తవా బిడ్డా?"

టెన్నిస్ కూడా రాసేదే అయి ఉంటుందని ఆయన మనసులో ఎక్కడో ఉండిపోయింది. సరిదిద్దాలనిపించలేదు.

"లేదంకుల్. నాది అయిపోయింది."

ఆ మాట అంతవరకు నేను అద్దంతో కూడా అనలేదు. నాన్నకు నాలుగడుగుల దూరంలో నిలబడి, ఒక కొత్త మనిషికి చెప్పాను.

ఆయన వెళ్ళాడు. ఆ అమ్మాయి ఒక్క క్షణం వెనకబడింది. సకినాల పొట్లం తిరిగి తీసుకోవాలా వద్దా అన్నట్టు చూసి, వదిలేసింది.

"రేపటిసంది పక్క షాపుకు పోత అక్కా. ఏమనుకోకుర్రి."

"ఏమనుకోను. వాళ్ళ మిషన్ కొత్తది, అక్షరం మంచిగ వస్తది," అన్నాను. ఆమెకు నవ్వు రాలేదు. నాకూ రాలేదు.

షాపులో మేమిద్దరమే మిగిలాం. నాన్న స్టూలు మీద కూర్చున్నాడు.

"ఎప్పటిసంది?"

"టర్కీ నుంచి వచ్చినప్పటిసంది."

"మరి పొద్దుగాల సంచీ ఏస్కొని ఏడికి పోతున్నవ్?"

"అక్కడికే. పిల్లలకు నేర్పుతున్న."

చాలా ప్రశ్నలు వస్తాయనుకున్నాను. ఇన్నాళ్ళు ఎందుకు దాచావు అంటే చెప్పడానికి కొన్ని జవాబులు కూడా కూడబెట్టుకున్నాను. అవేవీ అడగలేదు. మోకాళ్ళ మీద చేతులు ఆన్చుకుని లేచాడు.

"రేపు నేను గూడ వస్త. చూస్త."

"చూడనీకి ఏం లేదు నాన్నా. పిల్లలు కొడుతరు, నేను బంతులు ఏరుత."

"మంచిదే గద. ఇద్దరం ఏరుదాం."

నాన్న నన్ను ఆ పనిలో చూడకూడదనే ఏడాది పాటు తెల్లవారకముందే గేటు దాటాను. వద్దనాలనే ఉంది. వద్దనడానికి ఒక్క కారణమూ దొరక్క, సరే అన్నాను.